మొండి పులిపిరికాయలకు టీకా సూది: తెలుసుకోవలసిన సంగతులు

చేతి వేళ్ళ మీద, గోళ్ళ పక్కన, అరికాళ్ళలో గరుకుగా లేచే చిన్న చిన్న కాయలను మన వైపు పులిపిరికాయలు, పులిపిర్లు అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో మస్సే అంటారు. ప్రాణానికి ముప్పు లేనివి కనుక వీటిని ఎవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. కాని మంగళగిరి లాంటి ఊళ్ళో చేతులతో, కాళ్ళతో బతికేవారే ఎక్కువ. గుంట మగ్గంలో రోజంతా పాదాలతో తొక్కే నేతగాడికి అరికాలిలో పులిపిరి లేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకు వేలి మీద పులిపిరి చిట్లితే కారం తగిలి నిప్పు పెట్టినట్టు ఉంటుంది. కుట్టుపని చేసేవారికి, పత్తి తీసేవారికి, మాంసం దుకాణంలో కత్తి పట్టేవారికి వేళ్ళే ఆస్తి.

మేము వైద్యులం కాము, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాళ్ళం. కాని ఏటా తరగతిలో ఒకరిద్దరు పిల్లలు చెయ్యి జేబులోంచి తీయకపోవడం, ఓణీ కొంగు కింద దాచుకోవడం చూస్తూనే ఉంటాం. పక్కన కూర్చునే వాళ్ళు "అంటుకుంటుంది, జరుగు" అంటారు. తెలివైన పిల్ల కూడా నల్లబల్ల దగ్గరికి రమ్మంటే రాదు. ఈ మధ్య పెద్దాసుపత్రుల్లో మొండి పులిపిర్లకు టీకా మందుతో వైద్యం చేస్తున్నారని విని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. "తట్టుకు వేసే టీకాతో పులిపిరి ఎలా పోతుంది మాస్టారూ?" అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నకు మాకు తెలిసినంత వరకు, అందరికీ అర్థమయ్యేలా జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పులిపిరి ఎందుకు వస్తుంది?

కప్పను ముట్టుకుంటే వస్తుందని, ఒంట్లో వేడి చేస్తే వస్తుందని, దిష్టి వల్ల వస్తుందని రకరకాలుగా చెప్పుకుంటారు. ఇవేవీ కారణాలు కావు. పులిపిరికి కారణం ఒక వైరస్. 1907లో ఇటలీకి చెందిన సియుఫో అనే వైద్యుడు పులిపిరిని నూరి, సూక్ష్మక్రిములను సైతం ఆపే జల్లెడలో వడగట్టి, ఆ నీటిని తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. అక్కడ పులిపిరి లేచింది. జల్లెడలోంచి కూడా దూరిపోయే అతి చిన్న జీవి ఏదో ఉందని అలా తేలింది. దానినే ఇప్పుడు హ్యూమన్ పాపిలోమా వైరస్ అంటున్నాం. పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. చేతులకు, కాళ్ళకు వచ్చే పులిపిర్లకు ముఖ్యంగా 1, 2, 4, 27, 57 రకాలు కారణం. మాంసం, చేపలు కోసేవారి చేతుల మీద 7వ రకం ఎక్కువగా కనిపిస్తుంది. అది మాంసంలోంచి వచ్చేది కాదు, మనుషుల వైరసే. ఎప్పుడూ తడిగా, చిన్న చిన్న గాట్లతో ఉండే చర్మం దానికి అనువుగా ఉంటుంది.

ఈ వైరస్ చర్మం పైపొరలోనే కాపురం పెడుతుంది. రక్తంలోకి దిగదు. కణాలను చంపదు, తాను ఉన్న చోట చర్మాన్ని దళసరిగా పెంచుతుంది. అందుకే మన ఒంట్లోని రక్షక వ్యవస్థకు దాని ఉనికి చాలాకాలం తెలియదు. నెలలు, ఏళ్ళ తరబడి అది నిశ్చింతగా ఉండడానికి కారణం ఇదే. ఎప్పుడో ఒకనాడు ఒంటికి తెలిసివస్తే మందు లేకుండానే పులిపిర్లు రాలిపోతాయి. పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి రెండేళ్ళలోపు వాటంతట అవే పోతాయని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మంత్రం వేయించినా, తాయెత్తు కట్టించినా పోయాయని కొందరు నమ్మడానికి మూలం ఇక్కడే ఉంది.

ఆనెకాయా, పులిపిరా?

అరికాలిలో గట్టిపడిన ప్రతిదీ పులిపిరి కాదు. చెప్పు ఒరుసుకున్న చోట, బరువు పడే చోట చర్మం గట్టిపడితే అది ఆనెకాయ. దానికి వైరస్‌తో సంబంధం లేదు, టీకాతో పని లేదు. తేడా తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. ఆనెకాయను పైనుంచి నొక్కితే నొప్పి పుడుతుంది. పులిపిరిని రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే నొప్పి ఎక్కువ. ఆనెకాయ మీద చర్మపు గీతలు సాగుతూ కనిపిస్తాయి. పులిపిరి దగ్గర ఆ గీతలు తెగిపోయి పక్కలకు తప్పుకుంటాయి. పులిపిరి పైపొరను వైద్యుడు కొద్దిగా గీకితే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. ఈ పరీక్ష ఇంట్లో బ్లేడుతో చేసుకునేది కాదు.

ఇంటి వైద్యాల ముప్పు

వెంట్రుకతో బిగించి కట్టడం, సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, జిల్లేడు పాలు, జీడిగింజ రసం పూయడం, అగరుబత్తితో కాల్చడం, కంసాలి దగ్గర ఆసిడ్ చుక్క వేయించుకోవడం మన ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. వీటితో పులిపిరి కంటే దాని చుట్టూ ఉన్న మంచి చర్మం ఎక్కువ కాలుతుంది. పుండు పడుతుంది, చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. గోటి పక్కన చేస్తే గోరు వంకర పోతుంది. వైరస్ మాత్రం అంచుల్లో మిగిలి మళ్ళీ లేస్తుంది. షుగర్ ఉన్నవారి పాదాల విషయంలో ఇది మరీ ప్రమాదం. స్పర్శ తగ్గిన కాలిలో పుండు పడితే తెలియదు, తెలిసేసరికి వేలు తీయవలసి రావచ్చు. షుగర్ ఉన్నవారు మందుల షాపులో దొరికే ఆనెకాయల పట్టీలను కూడా డాక్టరును అడగకుండా అంటించుకోకూడదు.

ముందు చేసే మామూలు వైద్యం

టీకా వైద్యం మొదటి మెట్టు కాదు. ఒకటి రెండు పులిపిర్లు ఉన్నవారికి డాక్టర్లు ముందుగా సాలిసిలిక్ ఆసిడ్ పూత ఇస్తారు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పైచర్మాన్ని మెల్లగా రుద్ది, రోజూ పూయాలి. ఓపికగా మూడు నెలలైనా వాడాలి. చాలామంది రెండు వారాలు రాసి మానేసి మందు పనిచేయలేదంటారు. రెండోది, సున్నాకు 196 డిగ్రీలు కిందనుండే ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం. రెండు మూడు వారాలకొకసారి చేయించుకోవాలి. మూడోది, మత్తు సూది వేసి కరెంటు సూదితో కాల్చి తీయడం. ఇవన్నీ కంటికి కనిపించే పులిపిరిని తీసేస్తాయి. వైరస్‌ను గుర్తుపట్టమని ఒంటికి నేర్పవు. అందుకే పది, ఇరవై పులిపిర్లు ఉన్నవారికి, గోళ్ళ చుట్టూ, అరికాళ్ళ నిండా ఉన్నవారికి, తీసిన చోటే మళ్ళీ మళ్ళీ లేచేవారికి వేరే దారి కావలసి వచ్చింది.

టీకా సూది ఎలా పనిచేస్తుంది?

రంజాన్ నెలలో సహరీ వేళకు లేపడానికి వచ్చే మనిషి డప్పు కొడుతూ ఒక వీధి మొదట్లో నిలబడతాడు. అతడు తలుపు తట్టింది ఒక ఇంటిదే కావచ్చు. కాని ఆ చప్పుడుకు వీధంతా లేస్తుంది. దీపాలు వెలుగుతాయి. అప్పటిదాకా చీకట్లో మూలన నక్కిన దొంగ ఎవరైనా ఉంటే ఇక దాగలేడు. టీకా సూది చేసే పని ఇలాంటిదే.

తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా మందును డాక్టరు అన్నిటికంటే పెద్ద పులిపిరిలోకి కొద్దిగా ఎక్కిస్తారు. మనలో చాలామంది చిన్నప్పుడు తట్టు టీకా వేయించుకున్నవారో, తట్టు పోసినవారో అయి ఉంటాం. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు ఎంఆర్ టీకాలు వేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అందుచేత తట్టు వైరస్ ముఖం మన రక్షక కణాలకు బాగా గుర్తు. పాత శత్రువు మళ్ళీ కనిపించగానే అవి పెద్ద ఎత్తున పులిపిరి ఉన్న చోటికి చేరతాయి. ఒకదాన్నొకటి పిలుచుకునే రసాయనాలను విడుదల చేస్తాయి. ఆ హడావిడిలో అక్కడే దాగున్న పులిపిరి వైరస్ కూడా వాటి కంట పడుతుంది. ఒకసారి గుర్తుపట్టాక ఆ కణాలు ఒళ్ళంతా తిరుగుతాయి. కుడిచేతి పులిపిరిలో సూది వేస్తే ఎడమకాలి పులిపిరి కూడా రాలిపోవడంలోని కిటుకు ఇదే. కాల్చడం, గడ్డకట్టించడం లాంటి వైద్యాలకు లేని లాభం ఇది.

ఒక ముచ్చట ఇక్కడ చెప్పుకోవాలి. తట్టు, మశూచి ఒకే జబ్బు కాదని, రెండు వేరని విడమరచి ఒక గ్రంథమే రాసిన తొలి వైద్యుల్లో క్రీస్తు శకం 9, 10 శతాబ్దాల నాటి అల్ రాజీ ప్రముఖుడు. జబ్బును గుర్తుపట్టడమే వైద్యానికి మొదలని ఆయన చూపాడు. వైద్యుడి విషయంలోనే కాదు, మన ఒంట్లోని రక్షక కణాల విషయంలోనూ ఆ మాట నిజం.

ఏ టీకాలు వాడుతున్నారు?

ఎక్కువగా వాడేది ఎంఎంఆర్. సాధారణంగా 0.3 నుంచి 0.5 మిల్లీలీటరు వరకు, రెండు మూడు వారాలకొకసారి, మూడు నుంచి అయిదు సూదుల దాకా ఇస్తారు. రెండోది క్షయకు పుట్టగానే వేసే బీసీజీ. ఈ టీకాకు మన తెలుగు నేలతో పాత సంబంధం ఉంది. 1948లో మన దేశంలో బీసీజీ వేయడం మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. బీసీజీలో బతికున్న సూక్ష్మజీవి ఉంటుంది కనుక పుండ్లు పడడం, గ్రంథులు వాయడం లాంటి ఇబ్బందులు రావచ్చు. క్షయ ఉందో లేదో చూసే పరీక్షకు వాడే పీపీడీ ద్రావణాన్ని కూడా కొందరు వాడతారు.

మరొకటి మన దేశంలోనే పుట్టినది. ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థకు తొలి సంచాలకులైన జి.పి. తల్వార్ కుష్ఠు రోగుల కోసం ఒక నిరపాయ సూక్ష్మజీవితో టీకా తయారుచేశారు. మొదట దానిని ఎండబ్ల్యూ అనేవారు. తరువాత మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ అని పేరు పెట్టారు. చంపిన సూక్ష్మజీవులతో చేసిన ఆ మందును పులిపిర్లకు కూడా మన దేశపు చర్మవైద్యులు వాడి చూశారు. దానితో సూది వేసిన చోట గడ్డ కట్టి కొన్నాళ్ళు ఉండడం సాధారణం.

ఫలితం ఎంత వరకు?

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ టీకాలన్నీ వేరే జబ్బులకు అనుమతి పొందినవి. పులిపిర్లకు వాడడం డాక్టరు తన విచక్షణతో చేసే వైద్యం. కొన్ని అధ్యయనాల్లో సగానికి పైగా రోగులకు పూర్తిగా పోయాయి, కొన్నింటిలో అంతకంటే తక్కువ మందికి పోయాయి. వట్టి ఉప్పునీరు ఎక్కించినవారిలో కూడా కొందరికి పోయిన సందర్భాలున్నాయి. ఈ అధ్యయనాలు చాలావరకు కొద్దిమంది రోగులతో చేసినవే. కనుక "ఒక్క సూదితో గ్యారంటీ" అని ఎవరైనా బోర్డు పెడితే నమ్మవద్దు. మొదటి సూదికి మార్పు కనిపించకపోయినా మానవద్దు. అన్ని సూదులూ పూర్తయ్యాక కూడా తగ్గకపోతే డాక్టరు వేరే దారి చూస్తారు.

సూది వేసేటప్పుడు నొప్పి ఉంటుంది. అరికాలిలో, గోటి పక్కన మరీ ఎక్కువ. తరువాత ఒకటి రెండు రోజులు వాపు, ఎర్రదనం, కొద్దిగా జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు. ముఖం వాయడం, ఊపిరి ఆడకపోవడం చాలా అరుదు. అయినా ఆ అవకాశం ఉంది కనుకనే సూది తరువాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోవాలి.

ఎవరికి కూడదు?

గర్భిణులకు ఎంఎంఆర్, బీసీజీ ఇవ్వరు. ఎంఎంఆర్ వేయించుకున్న స్త్రీ కనీసం ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. అడగడానికి సిగ్గుపడినా, చెప్పడానికి మొహమాటపడినా నష్టం బిడ్డకే. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి, క్యాన్సర్ మందులు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవారికి, మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి, గతంలో టీకా పడక ప్రాణం మీదికి వచ్చినవారికి ఈ బతికున్న టీకాలు పనికిరావు. జ్వరంతో ఉన్నప్పుడు వాయిదా వేయాలి. వాడుతున్న మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించాలి.

ఇంకొక సంగతి. ఈ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచాలి. కలిపిన మందును కొద్ది గంటల్లోనే వాడాలి. మన గుంటూరు ఎండలో షాపులో కొని జేబులో వేసుకుని, వీధి చివర సూది వేసే వారి దగ్గరికి తీసుకెళ్తే అందులో మందు బలం మిగలదు. నొప్పి, ఖర్చు మాత్రం మిగులుతాయి.

తల్లిదండ్రుల సమ్మతి

హెచ్‌పీవీ అనే పేరు విని, ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా, ఈ పులిపిరి సూది ఒకటేనని కొందరు అనుకుంటున్నారు. రెండూ వేరు. ఆ టీకా 16, 18 మొదలైన రకాలను ఆపడానికి. చేతి పులిపిర్ల రకాలు వేరు, అవి ఆ క్యాన్సర్‌కు దారితీయవు. పులిపిరి ఉన్న పిల్లను చూసి లేనిపోని అనుమానాలు పెట్టుకోవద్దు.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన పథకం 2010లో ఆగిపోయింది. ఆ తరువాత చెప్పుకున్న మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారని బయటపడింది. బడిపంతుళ్ళుగా ఆ ఉదంతం మాకు పెద్ద పాఠం. పిల్లకు ఏ సూది, ఎందుకు, దానివల్ల ఏమవుతుంది అన్నది తల్లికి, తండ్రికి వాళ్ళ భాషలో చెప్పాలి. వాళ్ళు ఒప్పుకున్నాకే వేయాలి. అడగడం తల్లిదండ్రుల హక్కు.

ముస్లిం కుటుంబాలు తరచు అడిగే మరో ప్రశ్న జెలాటిన్ గురించి. కొన్ని ఎంఎంఆర్, ఎంఆర్ టీకాల్లో మందు చెడిపోకుండా జెలాటిన్ కలుపుతారు. 2018 ఆగస్టులో ఇండోనేషియా ఉలమాల మండలి మన దేశంలో తయారైన ఎంఆర్ టీకా గురించి ఫత్వా ఇచ్చింది. తయారీలో పంది సంబంధమైన పదార్థం వాడినందున అది హరామ్ అని, అయినా వేరే హలాల్ టీకా లేదు కనుక, వేయకపోతే కలిగే ముప్పు దృష్ట్యా అవసరం కింద వేయవచ్చని చెప్పింది. అది ప్రాణాలు తీసే జబ్బును ఆపే టీకా గురించిన మాట. పులిపిరి వైద్యానికి అది ఎంతవరకు వర్తిస్తుందో ఆలిములే చెప్పాలి. సందేహం ఉన్నవారు ముందే డాక్టరును అడిగి, మందు పెట్టె మీద వివరం చూసి, వేరే మందు వాడే వీలుందేమో తెలుసుకోవచ్చు. కాని ఈ సందేహాన్ని చంటిపిల్లల తట్టు టీకా దాకా లాగవద్దు. పులిపిరి ఎవరినీ చంపదు, తట్టు చంపుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

ఈ విషయంలో మంగళగిరి వాసులు అదృష్టవంతులు. మన ఊళ్ళోనే ఎయిమ్స్ ఉంది. 2019లో అక్కడ ఓపీ సేవలు మొదలయ్యాయి. గుంటూరులో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. రెండు చోట్లా చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ముందు అది పులిపిరా కాదా తేల్చుకోవాలి. ఏ వైద్యం మీకు సరిపోతుందో డాక్టరు నిర్ణయిస్తారు. ప్రతి పులిపిరికీ టీకా సూదే కావాలని పట్టుబట్టవద్దు. రోజుకూలి చేసేవారు ఒక పూట పని పోతుందని వాయిదా వేస్తారు. అరికాలి పులిపిరి ముదిరితే పోయేది ఒక పూట కాదు.

వైద్యం నడుస్తుండగా కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పులిపిరిని గిల్లకూడదు, గోళ్ళు కొరకకూడదు. వేరొకరి తువ్వాలు, చెప్పులు, గోళ్ళ కత్తెర వాడకూడదు. క్షవరానికి కొత్త బ్లేడు అడగాలి. వజూ చేసే చోటు, హాస్టలు స్నానాల గదులు తడిగా ఉంటాయి. అక్కడ వట్టి కాళ్ళతో నడవకుండా సొంత చెప్పులు వేసుకోవాలి. వజూ అయ్యాక వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవాలి. మసీదు, మదరసా నిర్వాహకులు ఆ గచ్చును రోజూ కడిగి ఆరబెట్టిస్తే చాలామందికి మేలు చేసినవారవుతారు.

చివరగా ఒక మనవి. పులిపిరి ఉన్నవారితో సలాం చేసి చెయ్యి కలపడానికి భయపడవద్దు. మన చర్మం పొడిగా, గాయం లేకుండా ఉంటే ఒక్కసారి చెయ్యి కలిపినందుకు అంటుకోవడం అరుదు. బడిలో ఒక పిల్లవాడిని పక్క బెంచీకి జరిపినందువల్ల పులిపిరి పోదు. ఆ పిల్లవాడి చదువు మాత్రం పోతుంది. తల్లిదండ్రులు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మేము ఆ చేతికి సుద్దముక్క ఇచ్చి నల్లబల్ల దగ్గరికి పిలుస్తాం.